పేరుపేరునా ప్రార్థించిన మా అయ్యగారు

ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల కొట్టు ముందు కారు ఆపి దిగబోతుంటే ఫోన్ మోగింది. దేశానికి ఆ చివరనున్న చాండ్లర్ నుంచి అయ్యగారి అమ్మాయి. "ఆంటీ, డాడీ ఈ మార్నింగ్ వెళ్ళిపోయారు. బ్రేక్‌ఫాస్ట్ తిన్నారు, చెయిర్‌లో అలా కూర్చునే... పెయిన్ ఏం లేదు ఆంటీ" అంది. నేను కారులోనే కూర్చుండిపోయాను. ఏడుపు వస్తుందనుకున్నాను. అది సాయంత్రానికి గాని రాలేదు. ముందు వచ్చింది నిమ్మళం. చావు కబురు విని నిమ్మళపడ్డానని రాస్తే బాగుండదని తెలుసు. కానీ ఉన్నమాట రాయకపోతే ఆయన గురించి రాసినట్టే కాదు.

మా క్రైస్తవుల్లో పాస్టర్‌ని అయ్యగారు అనీ, ఆయన భార్యని అమ్మగారు అనీ అంటాం. ఈయనకు సొంత చర్చి సంఘమంటూ లేదు. ఇక్కడ అమెరికాలోని తెలుగు సంఘాలు కొన్ని కలిసి విదేశాలకు మిషనరీలను పంపే ఒక చిన్న సంస్థకు ఆయన డైరెక్టర్. ఎడిసన్‌లో, టాక్సులు చేసిపెట్టే ఒక ఆఫీసు పై అంతస్తులో రెండు గదులు మావి. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆ సంస్థ బోర్డుకు సెక్రటరీగా ఉన్నాను. ఆరేళ్ళ కిందట, ఇక ఆ పదవి వదిలేయండని ఆయనకు చెప్పాల్సిన పని నా మీద పడింది. చెప్పాను. ఆయన నన్ను క్షమించారో లేదో తెలియకుండానే పోతారేమోనన్న భయం అప్పటినుంచీ నన్ను పట్టుకుంది.

మిషనరీలుగా వెళ్తామని వచ్చేవాళ్ళు దేవుడు కనబడి పిలిచాడంటూ మాకు పెద్ద పెద్ద దర్శనాలు చెప్పేవారు. అయ్యగారు అన్నీ ఓపిగ్గా విని, "కూర వండటం వచ్చా బాబూ?" అని అడిగేవారు. వాళ్ళ పాస్టర్ రాసిచ్చిన సిఫారసు ఉత్తరం పక్కన పెట్టి, ఇరుగుపొరుగువాళ్ళ ఫోన్ నంబర్లు ఇమ్మనేవారు. జెర్సీ సిటీ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ వచ్చాడు. అతని కింది ఫ్లోర్‌లో ఉండే గుజరాతీ ఆవిడని కలవడానికి అయ్యగారు ట్రైన్ ఎక్కి మరీ వెళ్ళారు. పొద్దున్నే ఐదింటికి ఇతగాడు నేల అదిరేలా పాటలు పాడతాడని ఆవిడ మొత్తుకుందట. "ముందు ఆవిడని నిద్రపోనీ నాన్నా. ఆఫ్రికా ఎక్కడికీ పోదు" అన్నారు అయ్యగారు. ఆ అబ్బాయి మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తర్వాత ఆవిడ చేసిచ్చిన ఢోక్లా డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చాడు. అప్పుడు పంపారు.

అలాగని ఆయన దేవదూతేం కాదు. మహా మొండి. ఆఫీసులో హీటర్ పెంచనిచ్చేవారు కాదు, నేను కోటు తొడుక్కునే టైపు చేసేదాన్ని. ఫీల్డ్‌లో, అంటే మేం పంపిన దేశాల్లో, ఉన్నవాళ్ళ పేర్లు కంప్యూటర్‌లో పెడదామంటే అసలే ఒప్పుకునేవారు కాదు. ఆ పేర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. బుధవారం పొద్దున బోర్డులో కుదిరినవాళ్ళం కూర్చుంటే, కాగితం ముక్క లేకుండా, ఒక్కొక్కరి కోసం పేరుపేరునా ప్రార్థించేవారు. ఎవరి పంటి నొప్పి, ఎవరి పిల్లాడి లెక్కల పరీక్ష, అన్నీ అందులో ఉండేవి. ఒకసారి ప్రార్థన వంతు నాకు వస్తే, డ్యూటీకి టైమవుతోందని "మా మిషనరీలందరినీ దీవించు ప్రభువా" అని ముగించేశాను. తర్వాత అయ్యగారు టీ కలుపుతూ, "అందరినీ అంటే ఎవరినీ కాదమ్మా" అన్నారు. మెత్తగానే అన్నారు. నాకు మాత్రం గట్టిగానే తగిలింది.

ఆ ప్రార్థనలోనే మొదట తేడా కనిపించింది. ఆఫ్రికాలో, మలావీ దేశంలో ఒక క్లినిక్‌లో మా నర్సు ఒకామె ఒంటరిగా పనిచేసేది. ఒక బుధవారం అయ్యగారు ఆ ఊరి పేరు చెప్పి, నర్సు పేరు రావలసిన చోట, ఆమెకు ముందు అక్కడ పనిచేసిన పెద్దావిడ పేరు చెప్పారు. ఆవిడ మోకాళ్ళు బాగుచేయమని దేవుణ్ణి వేడుకున్నారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. భూస్థాపన చేయించింది ఈయనే. మా సంఘాల్లో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే అలవాటు లేదు. నలుగురం కళ్ళు తెరిచి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చూసుకుని, ఆమెన్ అన్నాం.

ఆ ఆమెన్‌కి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మరుసటి వారం ఆ నర్సే నాకు ఫోన్ చేసింది. "అక్కా, అయ్యగారికి నా మీద ఏమైనా కోపమా?" అంది. ఒంట్లో బాగుండటం లేదు, ఇంటికి వచ్చేస్తానని ఆమె అడిగితే, "వచ్చెయ్ తల్లీ, టికెట్ పంపిస్తున్నా" అన్నారట. అప్పటినుంచి సూట్‌కేసు సర్దుకుని కూర్చుంది. ఇరవై మూడు రోజులు. మళ్ళీ అడగడానికి మొహమాటపడింది. నేను ఆ రోజే టికెట్ బుక్ చేశాను.

బోర్డు కూర్చుంది. "మీరు చెప్తేనే వింటారు ఆయన" అని తలా ఒక మాట అని, పని నా నెత్తిన పెట్టి అందరూ హాయిగా కాఫీ తాగారు.

శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు పెట్టిన జంతికలు ముట్టుకోకుండానే చెప్పేశాను. "అయ్యగారూ, మీరిక డైరెక్టర్‌గా ఉండకూడదు. మర్చిపోతున్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. "నన్ను ఈ పనికి పిలిచింది బోర్డు కాదమ్మా."

"మలావీలో ఆ నర్సు ఇరవై మూడు రోజులు సూట్‌కేసు పక్కన కూర్చుంది అయ్యగారూ."

"ఎవరన్నారు? నేను టికెట్ పంపించాను."

"పంపలేదండీ."

ఆ మాట అన్నది నేను కాదు, అమ్మగారు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. "పోయిన నెల చర్చికి డ్రైవ్ చేస్తూ దారి తెలియక కారు ఆపేశారు. నెల్లాళ్ళుగా రైటూ లెఫ్టూ నేనే చెప్తున్నాను మీకు" అని, నా వైపు తిరిగి భోరుమన్నారు. "ఇన్నాళ్ళూ నా ఒక్కదానికే తెలుసనుకున్నానమ్మా. ఎవరితో చెప్పుకోను? నన్ను బతికించావు" అన్నారు.

అయ్యగారు ఆ నర్సుకు ఫోన్ కలపమన్నారు. ఆమె అప్పటికి డెలావేర్‌లో వాళ్ళక్క ఇంటికి చేరుకుంది. "తల్లీ, నేను మర్చిపోయాను. నీ మీద కోపం కాదు. నన్ను క్షమించు" అన్నారు. ఒక్క సాకు చెప్పలేదు. క్షమాపణ మీద ప్రసంగాలు చేసే పెద్దలను చాలామందిని చూశాను. ఇంత సూటిగా అడిగినవాళ్ళను ఇంకెవరినీ చూడలేదు. సోమవారానికల్లా రాజీనామా నా బల్ల మీద ఉంది. నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఆయన స్థానంలో ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి వచ్చింది. మొదటి బుధవారం తన ఫోన్‌లో చూసుకుంటూ, తెలుగు పేర్లు తడబడుతూ చదివి ప్రార్థించింది. వెనక కుర్చీలో కూర్చుని అయ్యగారు అందరికంటే పెద్దగా ఆమెన్ అన్నారు. ఆ తర్వాత ఆయనా అమ్మగారూ కూతురి దగ్గరికి చాండ్లర్ వెళ్ళిపోయారు. నేను ఫోన్ చేస్తే "బాగున్నారా అమ్మా" అని వెంటనే అమ్మగారికి ఇచ్చేసేవారు. మరుపో కోపమో నాకు అర్థమయ్యేది కాదు.

పోయిన చలికాలం నేనే వెళ్ళాను. క్షమించమని అడగడానికి విమానంలో మాటలు కూడబలుక్కున్నాను. ఆయన పెరట్లో నారింజ చెట్టు పక్కన ఎండలో కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఏ ఫీల్డ్ నుంచి వచ్చారమ్మా?" అన్నారు. అమ్మగారు ఏదో చెప్పబోతే నేనే ఆపాను.

"ఎడిసన్ అండీ."

"ఎడిసనా! అక్కడ చలి ఎక్కువ. ఎన్నేళ్ళున్నారు?"

బోర్డులో నావి లెక్కేసుకుని, "ఇరవై రెండు" అన్నాను.

ఆయన తెల్లబోయారు. "ఇరవై రెండేళ్ళు సెలవు లేకుండానా? మా తప్పేనమ్మా అది."

"మీది కాదు, నాదే తప్పు. అక్కడ ఒక పెద్దాయన్ని బాగా నొప్పించాను."

"ఊరికే నొప్పించారా, ఆయన మంచికా?"

"మంచికే అనుకున్నానండీ."

"మరింకేం? ఆయన సంగతి ప్రభువు చూసుకుంటాడు. మీరు ఇంటికి వచ్చేశారుగా. రెస్ట్ తీసుకోండి. మీ చోటికి ఇంకొకరిని పంపుదాం."

ఆరేళ్ళ బరువు ఆ ఎండలో దిగిపోయింది. చెప్పాలనుకున్న మాట ఒక్కటీ అవసరం పడలేదు. అయ్యగారు చేయి చాపి ఒక నారింజ పండు కోశారు. ఒలిచి, తెల్ల పీచు ఒక్కొక్కటే తీసి, తొన తర్వాత తొన నా అరచేతిలో పెట్టారు. పుల్లగా ఉంది. అన్నీ తినేశాను. నేను తినడం చూసి ఆయన ఇంకో పండు అందుకుని ఒలవడం మొదలుపెట్టారు.