చాయ్‌లో ఇనుము

పరివర్తన లోహాల పాఠం చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ, ఇంటర్ రెండో ఏడాదికి నాలుగు సెక్షన్లు, అన్నింటికీ అవే మాటలు. ఈ లోహాలకు ఒకటికి మించి ఆక్సీకరణ స్థితులుంటాయి, వీటి లవణాలకు రంగులుంటాయి, ఇవి వేరే అణువులను చుట్టూ చేర్చుకుని సంశ్లిష్ట సమ్మేళనాలు కడతాయి. ఆఖరి గంటకల్లా నా గొంతు, పిల్లల కళ్లు కలిసే మూతపడేవి. పరీక్షకు తప్ప ఇది దేనికి పనికొస్తుందని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగితే, నాకూ తెలియదని చెప్పేయాలనిపించింది.

ఆ ఏడు మా అక్క గర్భసంచి ఆపరేషన్ వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. అక్కది కోటగిరి దగ్గర పల్లె. నెలలో సగం రోజులు రక్తం పోయేది. ఒంట్లో రక్తం పెరగందే ఆపరేషన్ చేయలేనని డాక్టరమ్మ ఐరన్ గోళీలు రాసిచ్చింది. అక్క ఒక్క రోజూ మానకుండా వేసుకుంటున్నానంటుంది, పరీక్ష చేయిస్తే రక్తం ఎక్కడిదక్కడే. ఇట్లాగే సాగితే మనిషి దక్కదని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నాకు భయమేసింది. గోళీలు వేసుకోకుండానే వేసుకుంటున్నానంటోందని అక్క మీద కోపమూ వచ్చింది.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. నాట్లు నడుస్తున్నాయి. కాలువ కట్ట మీదికి చాయ్ వచ్చేసరికి ఆడవాళ్లంతా కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. అక్క కొంగు ముడిలోంచి గోళీ తీసి, రాయితో నలిపి, గ్లాసులో కలిపింది. ఉత్త గోళీ గొంతు దిగదట, అక్కడ చాలామంది అట్లాగే తాగుతారట. పాలు లేని చాయ్, నేను చూస్తుండగానే నల్లబడింది. వెనకట కరక్కాయ కషాయంలో ఇనుము వేసి సిరా చేసింది ఇట్లాగే. చాయ్‌లోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. నేను నాలుగు సెక్షన్లకు బోర్డు మీద గీసే సంశ్లిష్టాన్నే మా అక్క రోజూ తాగుతోంది.

గ్లాసు లాక్కుని పారబోశాను. చాయ్‌కి దూరంగా, రాత్రి పడుకునే ముందు, నిమ్మనీళ్లతో వేసుకోమన్నాను. పులుపు ఉంటే ఇనుము ఒంటికి పట్టే స్థితిలో నిలుస్తుందని క్లాసులో అరిచినట్టే అరిచాను. అక్క నొచ్చుకోలేదు.

"చాయ్ వచ్చినప్పుడే గదనే నేను కూసునేది," అంది. "రాత్రి నడుం వాల్చినంక మల్ల లేవబుద్ధి గాదు."

అప్పటినుంచి రోజూ రాత్రి వంట వేళకు, ఆమె నడుం వాల్చకముందే, నేనే ఫోన్ చేసేదాన్ని. ఆమె నిమ్మకాయ పిండుకుని, గోళీ కలుపుకుని, తాగానని చెప్పేదాకా ఫోన్ పెట్టేదాన్ని కాదు. నాకూ ఓపిక లేని రోజులుండేవి. సణుక్కుంటూనే చేశాను. నెలలు పట్టింది కానీ రక్తం పెరిగింది.

డాక్టరమ్మ ఆపరేషన్‌కి రోజు చెప్పింది. అక్క భయపడుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆ తేదీని పట్టించుకోనేలేదు. అయ్యాక ఎన్నాళ్లు పడుకోవాలని అడిగింది. నెలన్నర దాకా నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని డాక్టరమ్మ అంది. అక్క ముఖం విప్పారింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"గా నెలన్నర ముచ్చట కాయితం మీద రాసియ్యమను చెల్లె. ఇంట్ల సూపెడత."