రన్‌వే కింద చెల్క

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. కొన్నాళ్లు మర్చిపోయినట్టే ఉంటుంది. మళ్లీ ఎప్పుడో విమానంలో కిటికీ పక్కన కూర్చుంటాను, చక్రాలు నేలను తాకబోతుంటే ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టవుతుంది. పక్కవాళ్లు నాకు విమానమంటే భయమనుకుని మంచినీళ్లు ఇస్తారు. నా ఉద్యోగమే విమానాశ్రయాల పని. ఆ సంగతి వాళ్లకు చెప్పను. నీళ్లు తాగి ఊరుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషి ముందు ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు. తెరిచిన ప్రతిసారీ "చాయ్ తాగుదామా" అని మూశాను. నా పేరు రాయను. ఆ ఊరి పేరు, ఆ విమానాశ్రయం పేరు కూడా రాయను. నా స్నేహితురాలిని మాత్రం స్వరూప అంటాను. ఏదో ఒక పేరు లేకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

స్వరూపా నేనూ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. తనది చరిత్రలో పీహెచ్‌డీ, నాది భూగోళశాస్త్రంలో. నా ఇల్లు గోల్నాకలోనే. అయినా హాస్టలెందుకంటే, ఇంట్లో ఉన్నవి రెండే గదులు, వాటిలో ఆరుగురం. నాన్న కాచిగూడలో ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ మేనేజరు. పగలు పడుకునే మనిషి ఉన్న ఇంట్లో పుస్తకం పేజీ తిప్పాలన్నా భయమే. హాస్టల్ గదిలో నాకంటూ ఒక టేబులు దొరికిన రోజు దాన్ని ముట్టుకుని ముట్టుకుని చూసుకున్నాను. స్వరూప నవ్వింది. "గా టేబుల్‌ను పెండ్లి చేస్కుంటవా ఏందే" అంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. సాయంత్రాలు క్యాంపస్ చెట్ల కింద నుంచి నడుచుకుంటూ తార్నాక చౌరస్తా దాకా వెళ్లేవాళ్లం. మిర్చీ బజ్జీలు, ఒక చాయ్, రెండు కప్పులు. అప్పటికింకా మెట్రో పిల్లర్లు లేవు, ఆకాశం రోడ్డంత వెడల్పున కనిపించేది. హాస్టల్ మేడ ఎక్కితే దూరంగా మౌలాలి గుట్ట. దాని మీద దీపాలు వెలిగేదాకా కూర్చుని, దేశంలో అందరినీ తిట్టి, ఆకలేసినప్పుడు కిందికి దిగేవాళ్లం.

నెలకోసారి స్వరూప వాళ్లమ్మ మల్లమ్మ వచ్చేది. తార్నాకలో బస్సు దిగి, చంకలో సంచీతో నడుచుకుంటూ వచ్చేది. సంచీలో సర్వపిండి, పండుమిర్చి తొక్కు, ఉడకబెట్టిన అలసంద గుడాలు. నా వంతు వేరే మూట కట్టేది. స్వరూప నా మూటలో చెయ్యి పెడితే చెయ్యి మీద ఒకటి వేసేది. మా అమ్మ చెడ్డదని కాదు, ఆరుగురికి వండి అలిసిపోయిన మనిషి. నాకంటూ ఒక మూట కట్టినామె మల్లమ్మ ఒక్కతే. మేడ మీద మాతో కూర్చుని పైన పోయే విమానాన్ని చూసి ఓసారి అడిగింది, "గండ్ల కూసున్నోళ్లకు మనం కనవడ్తమా బిడ్డా?" కనబడమని చెప్పాను. "అయితే వాళ్ల బతుకేం బతుకు" అని జాలిపడింది.

వాళ్ల ఊరి పక్కన ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. నిజాం కాలం నాటిది. విమానం దిగగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు, అక్కడ మేకలు మేసేవి. దాన్ని పెద్ద ఎయిర్‌పోర్టు చేస్తారని ప్రతి ఎన్నికలకూ అనేవాళ్లు. నిజంగా చేస్తే తూర్పు వైపు పెంచుతారని ఊరంతా అనుకునేది. స్వరూప వాళ్ల చెల్క, అంటే వర్షం మీద ఆధారపడే ఎర్రనేల, పడమర వైపు. వాళ్లకు దిగులు లేదు.

నాకు పాఠం చెప్పిన సారు దగ్గర అప్పుడు ఒక పెద్ద ప్రాజెక్టు ఉండేది. ఆయన గదిలో గోడంతా ఆసియా మ్యాపు. ఎక్కడెక్కడ ఎయిర్‌పోర్టులు కొత్తగా కడుతున్నారో, ఎక్కడ పెంచుతున్నారో అక్కడల్లా గుండుసూది. చైనాలో, వియత్నాంలో, ఇండోనేషియాలో, నేపాల్లో, మన దగ్గర. ఏ దేశం ఎవరి దగ్గర అప్పు తెస్తోంది, ఎవరు పెట్టుబడి పెడుతున్నారు, ఏ ఊళ్లు లేస్తున్నాయి, అదీ అధ్యయనం. ఆ గోడ ముందు నిలబడితే గోల్నాక ఇంట్లోంచి ఒక్క అడుగులో ప్రపంచంలోకి వచ్చినట్టుండేది. ప్రాజెక్టులో నా పని ఊళ్ల భూమి పటాలను రన్‌వే ప్లాన్ మీద కంప్యూటర్లో కలిపి గీయడం. స్వరూప వాళ్ల ఊరి పక్కనున్న ఎయిర్‌స్ట్రిప్ కూడా అందులో ఉంది. తూర్పున కాలువ అడ్డం వస్తోందని, రన్‌వేను పడమరకు జరపమన్నారు. జరిపాను. ఎర్ర గీత స్వరూప వాళ్ల చెల్క నడిమధ్య నుంచి పోయింది. ఆ గీత గీసింది నేనే.

సారు అందరి దగ్గరా మాట తీసుకున్నారు. బయటికి పొక్కితే భూముల బ్రోకర్లు రాబందుల్లా దిగుతారు, రైతులే నష్టపోతారు అన్నారు. నిజమే కదా అనుకున్నాను. ఇంకో నిజం కూడా ఉంది. ప్రాజెక్టు బాగా చేస్తే బ్యాంకాక్‌లో ఒక సంస్థలో నాకు ఉద్యోగం ఇప్పిస్తానని సారు అన్నారు. ఈ రెండో నిజాన్ని మొదటి నిజం వెనకాల దాచుకుని, నేను మాట మీద నిలబడే మనిషినని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. స్వరూపతో ఒకే గదిలో పడుకుంటూ, ఆమె తల్లి పెట్టిన తొక్కు అన్నంలో కలుపుకుంటూ. ఎంత నంగనాచిని.

అలా ఉండగా ఒక పొద్దున హాస్టల్‌కు ఫోనొచ్చింది. మల్లమ్మ పోయింది. కలుపు తీస్తూ కూలబడిపోయిందట. స్వరూపతో నేనూ వెళ్లాను. ఊరు దగ్గర పడుతుంటే రోడ్డు పక్కన కొత్తగా పాతిన ప్లాట్ల రాళ్లు, రంగు జెండాలు కనిపించాయి. అంటే, తెలియాల్సిన బ్రోకర్లకు అప్పటికే తెలుసు. నేను కాపాడుతున్న రహస్యం తెలియనిది ఆ ఊరి వాళ్లకే. ఆ జెండాలను చూసిన తరువాత కూడా నేను నోరు మూసుకున్నాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామని ఇందాకటి నుంచి చూస్తున్నాను.

ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. ఊరి బొందలగడ్డకు, అంటే శ్మశానానికి, తీసుకుపోదామని స్వరూప తమ్ముడన్నాడు. తన భార్య చేసి చేసి పానం విడిచిన చెల్కలోనే ఉండాలని, రేపు తాను పోతే తననూ పక్కనే పెట్టాలని బాపు, అంటే స్వరూప నాన్న, అన్నాడు. ఆ వైపు పల్లెల్లో సొంత భూమిలో పెద్దవాళ్లను పెట్టుకోవడం మామూలే. బాపు మా ఇద్దరినీ చూసి, "సదువుకున్నోళ్లు, మీరు చెప్పుండ్రి బిడ్డా" అన్నాడు. స్వరూప నా వైపు చూసింది. బొందలగడ్డకే పోదామని ఒక్క మాట అంటే చాలు. కారణం కూడా ఎవరూ అడిగేవాళ్లు కారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో నా వీపు నిమిరారు. చెల్కలోనే పెట్టారు. నేనూ పిడికెడు మన్ను వేశాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో సమాధి దగ్గర పెట్టి, కాకి వచ్చి ముట్టే దాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇవ్వాలి. అన్నం, కోడికూర, సర్వపిండి పెట్టారు. కాకులు చింతచెట్టు మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. బాపును మంచిగ చూసుకుంటానని తమ్ముడన్నాడు. కాకి దిగలేదు. చదువు ఆపనని స్వరూప అంది. దిగలేదు. ఎండెక్కింది. ముసలమ్మలు గుసగుసలాడుకుంటున్నారు. మల్లమ్మకు తెలిసిపోయిందని నాకనిపించింది. నవ్వకండి, ఆ క్షణంలో నేను పీహెచ్‌డీ స్కాలర్‌ను కాను.

స్వరూప నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గూడ ఒక మాట అనవే. అమ్మ నిన్ను గూడ బిడ్డ లెక్కనే సూస్కున్నది."

"నేనేమంటనే?"

"ఏదన్న అను. అమ్మ ఇంటది."

నేను ముందుకెళ్లాను. నోటికి ఏ మాట వచ్చిందో అదే అన్నాను. "గీడనే నిమ్మలంగుండు అమ్మా. నిన్ను గీడికెంచి ఎవ్వరు కదిలియ్యరు."

కాకి దిగింది. విస్తట్లో ముక్కు పెట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాపు నా తల మీద చెయ్యి పెట్టి, "నా బిడ్డవే నువ్వు" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు. ఎందుకన్నాను ఆ మాట? ఓదార్చాలనా? నా భయం పోవాలనా? అన్నీ వదిలేసి, సరిగ్గా నేను అబద్ధమని ఎరిగిన మాటే నోటికెందుకొచ్చింది? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను, నాకు నేనే సరైన జవాబు చెప్పుకోలేకపోయాను.

ఏడాది దాటాక భూసేకరణ నోటీసు వచ్చింది. అప్పటికి నేను బ్యాంకాక్‌లో ఉన్నాను. స్వరూప ఫోన్లో ఏడ్చింది, నేనూ ఏడ్చాను. సమాధిని వేరే చోటికి మార్చుకోమని అధికారులు గడువిచ్చారు. బాపు ఒప్పుకోలేదు. పండుకున్న మనిషిని లేపుతామా అన్నాడు. లేపలేదు. ఆ తరువాత అక్కడ మట్టి పోశారు, రోలర్లు తిరిగాయి, రన్‌వే వచ్చింది.

ప్రతి పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, బాపు విస్తరి కట్టుకుని ఎయిర్‌పోర్టు గోడ దాకా వెళ్లేవాడట. అక్కడ పెడితే కావలివాళ్లు వద్దనేవాళ్లు. కసిరేవాళ్లు కాదు, మర్యాదగానే చెప్పేవాళ్లు. తిండి పెడితే పక్షులొస్తాయి, పక్షులొస్తే విమానాలకు ప్రమాదం. అది నిజం. రన్‌వే చుట్టుపక్కల తిండి పదార్థాలు వేయనివ్వకూడదని నేనే ఎన్నో దేశాల రిపోర్టుల్లో రాశాను. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను, తప్పు వాక్యం కాదు. స్వరూప ఈ సంగతి చెప్పిన రోజు మాత్రం ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కాసేపాగి, పూర్తి చేశాను.

ఈ మధ్యే హైదరాబాద్‌కు తిరిగొచ్చేశాను. స్వరూప తార్నాకలోనే ఉంటుంది, జూనియర్ కాలేజీలో చెబుతుంది. ఇప్పటికీ ఎవరికైనా నన్ను పరిచయం చేస్తే, "మా అమ్మకు పిట్ట ముట్టకపోతే ఇది మాటిస్తే ముట్టింది" అంటుంది. గొప్పగా చెప్పుకుంటుంది. తల్లి నుంచి ఆమెకు మిగిలిన చివరి మంచి జ్ఞాపకం అది. నేను నిజం చెబితే అది కూడా ఆమె చేతిలోంచి లాక్కున్నట్టే. ఇలా అనుకునే ఇన్నాళ్లూ ఆగాను. ఇది ఆమె మీద ప్రేమా, నా పిరికితనానికి తొడిగిన ఇంకో చొక్కానా? రెండూ కావచ్చు. రెండోదే ఎక్కువని ఈ మధ్య తెలుస్తోంది.

పోయిన నెల బాపు చనిపోయాడు. బొందలగడ్డలో పెట్టారు, ఒక్కడినే. అంతా అయ్యాక స్వరూప తార్నాకకు తిరిగొచ్చిన రోజు, మెట్రో కింద చాయ్ దుకాణం ముందు ఇద్దరం కూర్చున్నాం. తరువాత తనే, ఎవరి మీదా కోపం లేకుండా, అలిసిపోయిన గొంతుతో అంది.

"ఇద్దర్ని పక్కపక్కన పెట్టకపోతిమి. గప్పుడే అమ్మను గూడ బొందలగడ్డల పెడ్తే మంచిగుంటుండె. గని గప్పుడు ఎవరికి తెల్సే?"

నేను చాయ్ కప్పులోకి చూశాను. నా భుజం మీద తల వాల్చింది. నేను కదలకుండా కూర్చున్నాను.

ఆ ప్రశ్నకు అక్కడ ఇవ్వని జవాబు ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని అడగడానికి మల్లమ్మ లేదు, బాపు లేడు, స్వరూపను అడిగే ధైర్యం ఇంకా రాలేదు. మీరు క్షమించినా అది చెల్లదు. ఒక్కసారి ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు అనాలి, అంతే.

నాకు తెలుసు స్వరూపా. గుంత తవ్వకముందే తెలుసు.