వాషర్ మార్చిన సాయంత్రం

1969 మే నెల, ఒక గురువారం సాయంత్రం. మిర్యాలగూడ, మా రైస్ మిల్లు ఆవరణ. ఉన్నవారు: మిల్లు యజమాని సేటు, ఆయన కారు డ్రైవరు దావీదు, సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ ఖాదర్ మేస్త్రి, మిల్లు గుమాస్తానైన నేను.

డైరీలో ఆ రోజు పేజీ ఇంతటితో ఆగిపోయింది. ఏ రోజూ వదలకుండా రాసినవాణ్ణి, ఆ సాయంత్రం చేసిన పని మాత్రం రాయలేకపోయాను. అది లోపలే ఉండిపోయింది. ఇన్నేళ్లూ మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి బతుకుదెరువు నా వల్ల పోయింది. నా తప్పు అతని మీద పడుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

మొదలు మాత్రం చెడ్డది కాదు. లేక అదే చెడ్డదా?

సేటు కారుకు నూనె ఫిల్టర్ మార్చే వేళయింది. ఇంజనులో తిరిగే నూనెలోంచి మడ్డిని పట్టేది అది. ఒక ఇనుప గిన్నె, అందులో కాగితపు మడతల చుట్ట, గిన్నె అంచున నూనె కారకుండా ఒక రబ్బరు వాషర్. కంపెనీది హైదరాబాదు నుంచి పార్సిల్లో తెప్పించాను. అదే వారం సూర్యాపేటలో లారీ సామాన్ల దుకాణంలో ఇంకొకటి కనిపించింది. డబ్బా మీద పేరు లేదు, లోపల దాని వాషర్ కూడా ఉంది. మడతలు మాత్రం కంపెనీదానికన్నా దగ్గర దగ్గరగా, ఎంతో శుభ్రంగా ఉన్నాయి. లారీలవాళ్లు ఇదే తీస్కపోతున్నరని దుకాణదారు చెప్పాడు. ధర కోసం కొనలేదు. నిజంగా ఏది మంచిదో తెలుసుకోవాలని కొన్నాను.

మిల్లు వరండాలో రెండింటినీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. వడ్ల దుమ్ము కలిపిన కిరసనాయిలు పోసి, దిగివచ్చినదాన్ని గాజు గ్లాసుల్లో పట్టి, ఎండకు ఎత్తి చూశాను. పేరులేనిదాంట్లోంచి వచ్చిందే తేటగా ఉంది. దావీదు కారు తుడుస్తూ నవ్వాడు. వాళ్ల చెల్లెలికి సంబంధం చూసినప్పుడు కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదన్నాడు. పెట్టి ఉంటే ఆ పెళ్లి అయ్యేదే కాదట.

గిన్నె నేనే బిగించాను. ఏది వేశారని దావీదు అడిగాడు. కంపెనీదే అన్నాను. ఎందుకన్నాను? నిజం చెబితే సేటు దాకా పోతుంది, పరీక్ష ఆగిపోతుంది. గ్లాసులో గెలిచింది ఇంజనులోనూ గెలుస్తుందా అన్నది నాకు తెలియాలి. కారు నాది కాదు, నడిపేది నేను కాదు, అయినా తెలియాల్సింది మాత్రం నాకే. కంపెనీది నా సొరుగులో పెట్టుకున్నాను.

కొన్ని వారాలు బండి బాగానే తిరిగింది. ఆ గురువారం పొద్దున సేటు వడ్ల బేరానికి కోదాడ బయల్దేరాడు. హుజూర్‌నగర్ దాటాక ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. కాసేపటికే పట్టేసి బండి ఆగిపోయింది. నూనె మీటరు ఎప్పుడో చెడిపోయి ఉంది కాబట్టి ముందుగా ఎవరికీ తెలియలేదు. సాయంత్రానికి లారీకి కట్టి మిల్లుకు తెచ్చారు. ఖాదర్ మేస్త్రి నూనె కొలిచే కడ్డీ తీసి చూసి, చుక్క లేదన్నాడు. మిగతాది పొద్దున్నే విప్పుతానన్నాడు. సేటు ఇంటికి వెళ్లాడు. దావీదు మేస్త్రికి టీ ఇప్పించడానికి బయటికి తీసుకుపోయాడు.

నేను బండి కిందికి దూరాను. గిన్నె అంచంతా తడి. విప్పాను. వాషర్ ఉబ్బి, నానిన చింతపండులా మెత్తబడి, ఒకపక్క బయటికి జారి ఉంది. దారి పొడుగునా నూనె అక్కడినుంచే పోయింది. వేడి నూనెకు రబ్బరు అట్లా అవుతుందని నాకు తెలియదు. పరీక్షలన్నీ కాగితానికే పెట్టాను. పరీక్షలు చేసిన పూటంతా వాషర్ డబ్బాలోనే ఉండిపోయింది. కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.

చెప్పడానికి కష్టమైనది ఇక్కడుంది. నాకు ముందు భయం వేయలేదు. సంతోషం వేసింది. కారణం దొరికిందన్న సంతోషం. ఆ వాషర్‌ను వేళ్ల మధ్య నొక్కి, సాగదీసి, ఎక్కడ ముందు మెత్తబడిందో వెతుకుతూ కూర్చున్నాను. అప్పుడు నాకు దావీదు గుర్తున్నాడా? లేడు. గేటు బయట టీ కొట్టు దగ్గర అతని గొంతు వినిపించాకే, నేను కనిపెట్టింది నా నేరాన్నే అని తట్టింది. సొరుగులోని కంపెనీ ఫిల్టర్ తెచ్చాను. మడ్డి నూనెలో ముంచి నల్లబరిచాను. దాని వాషర్ వేసి బిగించి, తడంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.

దావీదుది నడిగూడెం. వాళ్ల వాడలో లైసెన్సు తీసుకున్న మొదటివాడు అతనే. సేటు పనిలోంచి తీసేశాక సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏ యజమానీ అతని చేతికి బండి ఇవ్వలేదని, నూనె చూడని డ్రైవరన్న పేరు అతనికంటే ముందే ఊళ్లకు చేరిందని విన్నాను. మాడుగులపల్లి దగ్గర కాలువ పనిలో మట్టి మోస్తున్నాడని ఒకసారి ఎవరో అన్నారు. వెళ్లి చూడలేదు. ఏమని వెళ్లాలి?

శుక్రవారం పొద్దున మేస్త్రి అన్నీ విప్పాడు. గిన్నె చుట్టూ వేలితో రాసి చూశాడు. ఎక్కడా కారలేదు, నూనె లేకుండానే బండి ఇక్కడినుంచి కదిలిందన్నాడు. బయల్దేరే ముందు చూశానని, నిండుగా ఉందని దావీదు అన్నాడు. సేటు నావైపు తిరిగాడు.

"గుమాస్తా, నువ్వు గీడనే ఉన్నవ్ గద. ఈడు నూనె సూసిండా?"

"నేను గమనించలేదు సేటూ."

దావీదు నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. ఏదో గుర్తు చేసుకుంటున్నవాడిలా. తాళంచెవి సేటుకిచ్చి, నా పక్కనుంచి పోతూ ఆగాడు.

"మీరు మీ చేత్తో కంపెనీది వేశారు, దానివల్లయితే కాదు. చూశాననే అనుకున్నా సారూ. చూడలేదేమో."

కోదాడ బస్సు కోసం నడిచి వెళ్లిపోయాడు.

చూశాడు. బయల్దేరే ముందు కడ్డీ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుగుకు పెట్టి చూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నూనె గుర్తు దాకా ఉంది.