చల్లగా నడిచే బోర్డు

గురునాథరావు ముప్ఫై నాలుగేళ్లు భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ వేడి కొలిచిన మనిషి. మనుషుల మాట నమ్మడు, మీటరు మాట నమ్ముతాడు. రిటైరై ఖుర్సీపార్ ఇంట్లో కూర్చున్నాక కూడా, భార్య నూకాలమ్మ కాఫీ ఇస్తే "ఎన్ని డిగ్రీలుంటాదే?" అని అడిగేవాడు. ఆవిడ తల బాదుకునేది.

కూతురు నీలిమ ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. పాత కంప్యూటరు మొరాయించింది. కొత్తది తక్కువలో తనే కడతానన్నాడు గురునాథరావు.

"చవక ప్రాసెసర్ కొని ఓవర్‌క్లాక్ చేద్దాం. కంపెనీవాడు పెట్టిన వేగం మీద ఇంకాస్త తొయ్యడమే కదా! వేడెక్కుతాది, అంతే. వేడి సంగతి నాకు చెప్తావేటి?"

వారం రోజులు సుపేలా దుకాణాలు గాలించాడు. వేగానికి తాళం వెయ్యని ప్రాసెసర్ చవకలోనే దొరికింది. పేచీ అంతా మదర్‌బోర్డు దగ్గరే. చవక బోర్డుల్లో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం బోడిగా ఉంటుంది, వేడి లాగే లోహపు రేకులుండవు. చివరికి దిట్టమైన రేకులున్న సెకండ్‌హ్యాండ్ బోర్డు ఒకటి కనిపించింది. ముగ్గురు కొని తిరిగిచ్చేశారట.

"ఖరాబీ కుఛ్ నహీ, అంకుల్. బస్, లోగ్ రఖ్‌తే నహీ," అన్నాడు దుకాణదారు.

పాడైందేమీ లేదు, జనమే ఉంచుకోరట. ఎందుకు ఉంచుకోరో అడగాలా వద్దా? అడగలేదు, మహానుభావుడు!

మే నెల, బయట నలభై నాలుగు డిగ్రీలు. ఆయన కట్టిన కంప్యూటర్లో నీలిమ ఒక పెద్ద పెళ్ళి వీడియో పని మొదలుపెట్టింది. గురునాథరావు వేగం పెంచాడు. తెర మీద ప్రాసెసర్ వేడి ఇరవై తొమ్మిదే చూపించింది. గది కంటే చల్లగా! నమ్మక, ఫ్యాక్టరీలో వేడి కొలిచిన తన పాత తీగ తెచ్చి తగిలించాడు. అదీ ఇరవై తొమ్మిదే అంది. ఇక పట్టపగ్గాల్లేవు.

మర్నాడు నీలిమకు జ్వరం, నూటొకటి. ఎండదెబ్బ అనుకున్నారు. ఆయన ప్రాసెసర్‌ని ఇంకో మెట్టు ఎక్కించాడు. నూట రెండు. మరో మెట్టు. నూట మూడు. రక్తపరీక్షలో ఏమీ లేదు. కంప్యూటరు మాత్రం ఇరవై తొమ్మిది దాటలేదు.

"ఏటయ్యా, పిల్ల ఒళ్ళు కాలిపోతంటే ఆ డబ్బా కాడ కూకున్నావు!" అంది నూకాలమ్మ. "అంత పని చేసీ అది చల్లగున్నాదంటే, దాని వేడి ఎటెల్తన్నట్టు?"

గురునాథరావు తెర మీది ఇరవై తొమ్మిదిని మళ్ళీ చదివాడు. వేడి ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు మొయ్యాలి. కర్మాగారంలో కొత్త కుర్రాళ్ళకు ఆయన నేర్పిన మొదటి పాఠమే అది.

నూకాలమ్మ స్విచ్ మీదికి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఆగే! ఒక్కసారిగా చల్లారిస్తే ఫర్నేస్ పగుల్తాది. మెల్లగా దించాల."

మెట్టు దించడం, అరగంట ఆగడం, పిల్లకి థర్మామీటరు పెట్టడం. సాయంత్రానికి కంపెనీ వేగానికి వచ్చాడు, నీలిమ తొంభై ఎనిమిదిన్నరకి వచ్చింది. దేవుడా అనుకుని కంప్యూటరు ఆపేశాడు.

పది నిమిషాల్లో తొంభై ఆరు. తర్వాత తొంభై నాలుగు. ఆ మే ఎండలో పిల్ల పెదాలు నీలంగా మారాయి, చేతులు మంచుముక్కలయ్యాయి. నూకాలమ్మ గొల్లుమంది. ఆయన కంప్యూటరు మళ్ళీ ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. నీలిమ బుగ్గల్లోకి రంగొచ్చింది.

అప్పట్నుంచి అది ఆగలేదు. ఇన్వర్టర్ పెట్టించాడు. ఆయనా, నూకాలమ్మా షిఫ్టుల లెక్కన దాని పక్కన కూర్చుంటున్నారు. నీలిమకి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్తారు?

నిన్న మధ్యాహ్నం తొలకరి వాన. పిడుగు పడి వీధంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోవడానికి ఒక్క క్షణం ఆలస్యమై, కంప్యూటరు ఆగింది.

"నాన్నా, టీ..." అంటున్న నీలిమ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నోరు సగం తెరిచే ఉంది. కళ్ళు ఆర్పలేదు, ఊపిరి లేదు.

ఫ్యాను మళ్ళీ తిరిగింది.

"...పెట్టమంటావా?" అంది నీలిమ.

పెట్టమన్నట్టు తలూపాడు గురునాథరావు.