తార్నాక బంతిలో మా తమ్ముడు

"వదినా, మీ తమ్ముడు అన్నం ముందల కూసుంటున్నడు, లేస్తున్నడు. మెతుకు దిగుతలేదు," అని మరదలు సరళ ఫోన్ చేయడంతోనే నా ప్రయాణం ఖాయమైంది. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి రోగమేమీ లేదన్నారట. తమ్ముడు రవి కడుపు నిండా తిన్నాకే నేను తింటానని దేవుడికి మొక్కుకుని, వాడికి ఇష్టమైన పచ్చిపులుసు కలిపి స్టీలు క్యాన్‌లో పోసుకున్నాను.

కామారెడ్డిలో పొద్దున ఎనిమిది గంటలకు ప్యాసింజర్. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, రైలు కదులుతుందో లేదోనని టికెట్ ఇచ్చే ఆయనే అనుమానపడ్డాడు. దేవుడి దయ, కదిలింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఎదురుగా మేడ్చల్ పోయే ముసలమ్మ నా సంగతి అడిగింది. తమ్ముడికి ప్లాట్ల వ్యాపారమని, తార్నాకలో మూడంతస్తుల ఇల్లని, ఉద్యమం మొదలయ్యాక ప్లాట్లు కొనేవాళ్లు లేక వాడికి నిద్ర కరువైందని చెప్పాను. రాష్ట్రం వస్తే అందరి ఇళ్లూ నిండుతాయని పక్కన కుర్రాడు ధైర్యం చెప్పబోయాడు.

"ఇల్లు నిండుడు చూసిన బిడ్డా," అంది ముసలమ్మ. "మా అల్లుని ఇల్లు నిండింది. అండ్ల నాకే కూసుండ జాగ లేదు."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, డబ్బును ఆడిపోసుకోను. నా కళ్లకు ఆపరేషన్ చేయించింది తమ్ముడి డబ్బే. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే, ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన మా నాయనకూ, ఆ డబ్బుకూ దండం పెట్టాలి.

పదకొండు దాటాక మల్కాజ్‌గిరిలో దిగి ఆటో ఎక్కాను. తార్నాక చౌరస్తాకు ముందే ఆటో ఆగిపోయింది. యూనివర్సిటీ పిల్లలు క్యాంపస్‌కు పోయే రోడ్డు మీదే వండి అందరికీ వడ్డిస్తూ నిరసనగా వంటావార్పు పెట్టారట. ఆ రోజుల్లో ఆ వైపు వెళ్లేవాళ్లు సగం దారి నడకకు సిద్ధపడాల్సిందే.

రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. తమ్ముడి వీధి అవతల ఉంది. చెయ్యి లాగుతోందని క్యాన్ ఒక్క క్షణం కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఇంతలో ఒక పిల్ల వచ్చి, "మస్తు తెచ్చినవ్ పెద్దమ్మా," అని క్యాన్ ఎత్తి పులుసంతా పక్కనున్న పులుసు గంజులో పోసేసింది. ఆ పొద్దు ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి ఆ బంతి భోజనానికి వస్తోంది. నాదీ అలాంటిదే అనుకుంది. పదిమందికని పోసింది తిరిగి ఎలా అడుగుతాం? ఖాళీ క్యాన్‌తోనే తమ్ముడింటికి వెళ్లాను.

రవి పరదాలు వేసుకుని టీవీ ముందు ఒక్కడే ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. జరిగింది చెప్పి, "నీ పులుసు రోడ్డు మీదున్నది. బంతిల కూసుంటే దొరుకుతది," అన్నాను.

"నేనా? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు అక్కా?"

"ఆకలైందనుకుంటరు. పొద్దటి నుంచి నేను మంచినీళ్లు సుత ముట్టలే. నువ్వు తిన్నంకనే నేను తినాలె."

వాడు నా ముఖం కేసి చూసి చెప్పులు వేసుకున్నాడు. వంటింట్లోంచి సరళా మా వెంట వచ్చింది.

బంతిలో నన్ను దింపిన ఆటో అతనికీ ఒక విద్యార్థికీ మధ్య వాడికి చోటు దొరికింది. మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు, నా పులుసు, అందులో ఇంకెందరి పులుసులో. మొదటి ముద్ద నోట్లోకి వెళ్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వాడు అన్నం కోసం చెయ్యి చాపుతున్నాడు. వడ్డించే కుర్రాడు, "అంకుల్ తినుడు చూస్తే మన హాస్టలోడి లెక్కనే ఉన్నది," అన్నాడు. "మీరు పుట్టకముందు గీ హాస్టల్లనే ఉన్న," అని రవి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

రవి ఎదురింటి కోస్తా ఆవిడ మజ్జిగ బకెట్‌తో వచ్చి బంతి చివరే తటపటాయిస్తోంది. "పోయొచ్చా అండీ?" అంది. "పోయండి ఆంటీ, మజ్జిగ లోకలేనా అని ముల్కీ సర్టిఫికెట్ అడుగం," అన్నాడు కుర్రాడు. ఆవిడ ముందుగా రవి విస్తట్లోనే పోసింది. ఎదురెదురు గేట్లున్నా వాళ్లు పలకరించుకోవడం అదే మొదలట.

తర్వాతి బంతిలో సరళా నేనూ తిన్నాం. అంత రుచైన అన్నం ఇచ్చినందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక పొయ్యిలకే పెట్టాను.

సాయంత్రం రవి నన్ను క్యాంపస్ చెట్ల కింద నడిపించి, తను చదివిన గదులు చూపించి, మల్కాజ్‌గిరిలో రైలెక్కించాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు, వాటి ధరలూ పెరగలేదు. ఇల్లు నిన్నటి ఇల్లే. వాడికి మాత్రం ఆకలి తిరిగి వచ్చింది. డబ్బు అన్నం తెచ్చిపెడుతుంది. పక్కన మనుషులుంటేనే అది లోపలికి దిగుతుందని నేను ఆ రోడ్డు మీద కళ్లారా చూశాను.

రైలు కదులుతుంటే వాడు కిటికీ పట్టుకుని పక్కనే నడిచాడు. "అక్కా, రేపటి బంతికి బియ్యం నావే. పచ్చిపులుసు గూడ నేనే చేస్త. ఎట్ల చెయ్యాలె?"

ఉప్పు, చింతపండు, కాల్చిన మిరపకాయ అన్నీ చెప్పేలోపు ప్లాట్‌ఫాం అయిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి, పెట్టె అంతా వినేలా అరిచాను:

"ఉల్లిగడ్డ చేత్తోనే పిసుకాలె రవీ, చేత్తోనే!"