నూట ఏడో చెక్క

మా శివారు పాయింట్ కుక్ నుంచి సిటీకి పోయే దారిలో, ట్రాఫిక్‌లో కారు నత్తలా పాకుతుంటే ఫోన్ మోగింది. చేసింది హీటింగ్ అంకుల్ వాళ్ళబ్బాయి, తండ్రిని అబ్బా అని పిలుస్తాడు. "అంకుల్, అబ్బా పాస్డ్ అవే దిస్ మార్నింగ్," అన్నాడు. తర్వాత వాడికి వచ్చిన ఆ కాస్త తెలుగులో, "నిద్రలోనే పోయినాడు," అన్నాడు. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు. కార్లో హీటర్ నడుస్తూనే ఉంది, నా కాళ్ళు మాత్రం చల్లబడిపోయాయి.

మెల్‌బోర్న్‌లో మా తరం తెలుగువాళ్ళకి ఆయన హీటింగ్ అంకుల్. కర్నూలు మనిషి. అసలే ఎండ తప్ప ఇంకోటి ఎరగని ఊరు, అక్కణ్ణించి వచ్చి ఇక్కడ జనాల చలి తీర్చడం ఏమిటని మేం ఏడిపించేవాళ్ళం. "వేడి విలువ మాకు తెలిసినట్టు మీ కోస్తావాళ్ళకేం తెలుస్తుందిలేప్పా," అనేవాడు. పాత కట్టడాల్లో వేడినీళ్ళ గొట్టాలు వేయడం ఆయన పని. వెనక షెడ్డులో బాయిలర్ నీళ్ళు కాస్తుంది, ఆ నీళ్ళు గొట్టాల్లో తిరిగి ఇనుప రేడియేటర్లను వెచ్చబెడతాయి. చెప్పుకుంటే అంతే. వందేళ్ళ గోడకి గాయం కాకుండా చేయడంలోనే ఉంది కథంతా.

నేను తెనాలి నుంచి వచ్చిన కొత్త. రెండువేల సంవత్సరం దగ్గర పడుతోందని కంప్యూటర్లవాళ్ళంతా హడలిపోతున్న రోజులు. ప్రోగ్రాముల్లో ఏళ్ళని రెండంకెల్లోనే రాసి పెట్టారు కదా, తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే అంతా తలకిందులవుతుందని భయం. ఆ రెండంకెలు వెతికి నాలుగంకెలు చేయడమే నా ఉద్యోగం. పొద్దస్తమానం అదే పని.

ఆదివారాలు మా పిల్లల తెలుగు క్లాసు ఒక పాత నల్లరాతి హాల్లో జరిగేది. పైన పూలు తీర్చిన రేకు సీలింగ్, కింద నున్నటి చెక్క నేల. చలికాలం పిల్లలు జాకెట్లు, గ్లవ్స్ వేసుకుని "అ ఆ" దిద్దేవాళ్ళు. నోరు తెరిస్తే పొగ. హీటింగ్ పెట్టకపోతే హాలు మూసేయక తప్పదంది, దాన్ని నడిపే ఇక్కడి తెల్లవాళ్ళ కమిటీ. ఒక కంపెనీవాళ్ళు వచ్చి, రాతిగోడకి పెద్ద కన్నం పెట్టి, రేకు పూలన్నీ కనబడకుండా కింద ఇంకో సీలింగ్ కడతామన్నారు. ఆ మాటకి కమిటీ సెక్రటరీ పెద్దావిడ మొహం పాలిపోయింది. ఆవిడ పెళ్ళి ఆ పూల కిందే అయిందట. ఇక్కడ చలి మొదలయ్యే జూన్‌లో, మొదటి శనివారం మనవరాలి పెళ్ళి కూడా అక్కడే.

ఆ మీటింగులోనే ఉన్న అంకుల్ లేచి, "పూలను ముట్టను, గోడను ముట్టను, పెళ్ళి నాటికి వెచ్చగా ఉంటాది," అని ఇంగ్లీషులో మాటిచ్చేశాడు. ఆలోపు కాకపోతే పెళ్ళి ఇంకోచోట, పని కంపెనీకి అంది కమిటీ.

ఆయన ఏ పాత కట్టడంలోకి వెళ్ళినా ముందు బూట్లు విప్పేవాడు. ఫ్లాస్కులో టీ పోసుకుని ఒక గంట ఊరికే కూర్చునేవాడు. "పాత ఇంటికి చుట్టంగా పోవాలప్పా, అల్లుడుగా కాదు." తేడా ఏమిటని అడిగితే, "చుట్టం ఉన్నదాంట్లో సర్దుకుంటాడు. అల్లుడొస్తే గోడలు కూడా జరగాల," అనేవాడు.

ఆ హాలు నేల కింద మనిషి దూరే సందు లేదు. అందుకని చెక్కలు ఒక్కొక్కటే మేకులు ఊడదీసి లేపాలి, గొట్టాలు పరచాలి, ఏ చెక్క ఆ చోటే తిరిగి పెట్టాలి. ప్రతి చెక్క అడుగునా లావు పెన్సిల్‌తో అంకె వేసే పని, సాయానికి వెళ్ళిన నాకిచ్చాడు. కంప్యూటరాయన కదా, లెక్క తప్పడని! మొత్తం నూట ముప్పై ఆరు చెక్కలు. సున్నా ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా, రెండేసి అంకెలతో, బాగానే వేశాను. ఆ తర్వాత సున్నా సున్నా, సున్నా ఒకటి, సున్నా రెండు... మొదటి కట్ట ముందు వరండాలో, రెండోది వెనక వరండాలో ఉన్నాయి, ఎలా కలుస్తాయిలే అనుకున్నాను. అలవాటైన చెయ్యి కదా. ఆ పాత ప్రోగ్రాములు రాసినవాళ్ళూ సరిగ్గా అలాగే అనుకుని ఉంటారు.

వాన వచ్చింది. తడిసిపోతాయని మనవాళ్ళు రెండు కట్టలూ లోపలికి మోసి ఒకటిగా పేర్చేశారు. మర్నాడు చూస్తే ఏడో నంబరువి రెండు చెక్కలు, పన్నెండోవి రెండు, ముప్పయ్యోవి రెండు. పెళ్ళి ఇంకో పది రోజులు.

అంకుల్ చెక్కని తిప్పి చూశాడు. నా వంక చూశాడు. "ఆఫీసులో నువ్వు చేసే పనేందప్పా?"

"రెండంకెలని నాలుగు చేయడం, అంకుల్."

నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాడు. "ఊరందరికీ వైద్యం చేసి, ఇంటికి జ్వరం తెస్తివే!" నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే సెక్రటరీ పెద్దావిడ వచ్చి, ఖాళీ నేలని చూసి గుండె పట్టుకుంది. ఏమైందని అడిగితే అంకుల్ టక్కున లేచి, "తప్పు నాది మేడమ్. అయిపోతాది," అన్నాడు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కాడు.

రోజూ సాయంత్రం ఇద్దరం మోకాళ్ళమీద కూర్చున్నాం. మేకుల కన్నాలు ఎక్కడున్నాయో, గుమ్మం దగ్గర అడుగులకి అరిగిన నునుపు ఎంతో, బల్లల కింద ఎండ తగలని రంగు ఏదో, వేళ్ళతో తడిమి చెప్పేవాడు. "చెక్కకి తన చోటు తెలుసు. మనం అడగాల, అంతే." కిటికీల కింద పెట్టెల్లా ఉన్న పాత బల్లల లోపల రేడియేటర్లు దాచాడు. అన్నీ కుదిరాక ఒక్క చెక్కకి మాత్రం మేకులు వద్దన్నాడు. "దీనికి స్క్రూలు పెట్టు. రేపు రిపేరుకొచ్చేవానికి తలుపు." బాయిలర్ వెలిగించాక కూడా రోజుకి కొంచెం కొంచెమే వేడి పెంచాడు. రాయి ఉలిక్కిపడకూడదట.

పెళ్ళిరోజు సెక్రటరీ పెద్దావిడ కోటు విప్పేసి, పైన పూలు చూసి, చుట్టూ చూసి, "హీటర్ ఎక్కడ పెట్టారు?" అంది. ఆ ప్రశ్న విన్న అంకుల్ మొహం నేను ఈ జన్మకి మర్చిపోను.

నా తప్పు సంగతి ఆ పాతికేళ్ళలో ఆయన ఎవరికీ చెప్పలేదు. సిటీకి ఆ కొసనున్న క్రెయిగీబర్న్‌లో కొడుకు దగ్గరికి మారాక కూడా, వెళ్ళినప్పుడల్లా "ఆఫీసులో ఎన్నంకెలప్పా ఇప్పుడు?" అని అడిగి కన్నుగీటేవాడు. నేనే ఈమధ్య వెళ్ళడం తగ్గించాను. దూరమని, పనులని. సిగ్గుగా ఉంది.

జనాజా నమాజు చేసి ఆయన్ని ఖననం చేసిన రెండువారాలకి హాలువాళ్ళు ఫోన్ చేశారు. నేలకింద ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి, ఎక్కడ తెరవాలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు అన్నారు. ప్లంబర్‌ని తీసుకుని నేనే వెళ్ళాను. రెండో కిటికీ దగ్గర స్క్రూలున్న ఆ ఒక్క చెక్కని లేపి తిప్పాను. అడుగున నా చేతిరాత, సున్నా ఏడు. దాని ముందు కొంచెం వంకరగా, అంకుల్ చేత్తో వేసిన ఒకటి.

నూట ఏడు.

దిద్దానని నాతో ఒక్క ముక్క అనలేదు. మిగతా ముప్పై ఆరూ దిద్దే ఉంటాడు. మేకులు కొట్టి ఉన్నాయి, ఊడదీసి చూడనక్కర్లేదు. ఆయన సంగతి నాకు తెలుసు.

ప్లంబర్ పని ముగించాక చెక్కని దాని చోట పెట్టి స్క్రూలు బిగించాను. బూట్లు విప్పి, సాక్సులతో దానిమీద నిలబడ్డాను. కింద నీళ్ళు తిరగడం మొదలైంది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత మెల్లగా, కొంచెం కొంచెంగా, పాదాలకి వెచ్చదనం ఎక్కింది.