మూల విరిగిన బండ

జమ్మలమడుగు దగ్గర మా ఊరి చర్చికి మొదట్లో గోడల్లేవు. బోదగడ్డి కప్పిన కొట్టంలోనే ప్రార్థన. ఫాదర్ ప్రొద్దుటూరు నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవారట. చర్చి కట్టుకోవాలనుకున్నప్పుడు మా పేటోళ్ల చేతిలో ఏముంది, మట్టి తప్ప! అప్పుడాయన ఒక ఏర్పాటు చేశారు. ఆదివారం ప్రార్థనకొచ్చే ప్రతి మనిషీ బండల గని నుంచి ఒక నాపబండ నెత్తిన పెట్టుకుని రావాలి. వారమంతా గనిలో మోసిన మనుషులు ఆ రోజు కూడా మోశారు.

మా అమ్మ అప్పుడు కొత్త కోడలు, నేను కడుపులో ఉన్నాను. దారిలో ఆమె కాలు మడతపడి బండ కిందపడింది, ఒక మూల విరిగింది. దాన్నే మళ్లీ ఎత్తుకుని వచ్చింది. ఆ బండను కిటికీ పక్కన పరిచారు. అప్పటినుంచీ అమ్మ దానిమీదే కూర్చునేది.

మొన్న చర్చి జూబ్లీకి టైల్స్ వేయాలన్నది నేనే. కమిటీ పెద్దను కదా, నోరు ఊరుకుంటుందా! "పులివెందుల చర్చి సూడండప్పా, అద్దం మాదిరి మెరుస్తాంది. మనది గొడ్ల సావిడి మాదిరుండాది" అన్నాను. బండలన్నీ పెకలించారు. ఊరికే పోతున్నాయి కదా అని కొన్ని ఆటోలో వేయించుకొచ్చి, మా ఇంటి ముందు మురుగు కాలవ మీద పరిపించాను. అమ్మ అప్పుడు చెన్నూరులో మా చెల్లెలి దగ్గరుంది. ఆమెను ఒక్కమాట అడగాలని తోచలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

జూబ్లీ నాడు అమ్మ నేరుగా చర్చికే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి నేలంతా వెతికింది.

"నా బండ యాడరా?"

"కొత్తవి ఏసినాం మా. ఎట్ల మెరుస్తాండాయో సూడు."

"శానా బాగుండాయిలే. నాది యాడ పెట్నారు?"

తెలీదన్నాను. నిజంగానే తెలీదు, చూసుకుంటే కదా!

ప్రార్థన అయ్యాక ఇద్దరం ఇంటికొచ్చాం. కాలవ దగ్గర అమ్మ ఆగిపోయింది. ఆమె కాళ్ల ముందు మూల విరిగిన బండ. నాకు తల కొట్టేసినట్టయింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె వంగి చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో బండ దాటింది.

"రేపే తీయించి చర్చిలో పెట్టిస్తా మా" అన్నాను.

అమ్మ గడపలో కూర్చుని కాళ్లు ఒత్తుకుంటూ అంది: "నిన్నూ దాన్నీ ఒకేతూరి మోస్తి నాయనా. నువ్వు ఇంట్లో ఉండావు. అది కాలవ మీదుండాది."